నడవనివారి లాక్‌డౌన్: కొలిమిగుండ్ల నాపరాతి నేల (2020 మార్చి – జూన్)

2020 నాటి లాక్‌డౌన్ అనగానే మనసులో మెదిలేది మూటాముల్లె నెత్తిన పెట్టుకొని రహదారుల వెంట నడిచిపోయిన వలస కూలీల దృశ్యం. పత్రికల ఛాయాచిత్రాలు, న్యాయస్థానాల వాదనలు, ఆ తరువాత వెలువడిన కథలు, కవితలు, పరిశోధనలు ప్రధానంగా ఆ నడకనే కేంద్రంగా చేసుకున్నాయి. అది సహజం, న్యాయం కూడా. అయితే పని పోయినా ఊరు దాటనివారి మాటేమిటి? సొంత ఇంట్లోనే ఉండి, కూతవేటు దూరంలోని పని ఆగిపోయిన కూలీ ఏ ఛాయాచిత్రంలోనూ కనిపించడు. అటువంటివారి చరిత్రను పరిశీలించడానికి కొలిమిగుండ్ల మండలం అనువైన క్షేత్రం.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా ఈ మండలం కర్నూలు జిల్లాలో భాగం. బయటివారికి ఇది బెలుం గుహల వల్ల పరిచయం. నీరు తొలిచి గుహలుగా మలచిన సున్నపురాతి నేలే ఇక్కడి బతుకుతెరువు కూడా. భూగర్భశాస్త్రంలో నార్జి సున్నపురాయిగా పిలిచే శిలకు పొరలుపొరలుగా విడివడే గుణం ఉంది. స్థానికులకు అది నాపరాయి. దూరప్రాంతపు మార్కెట్లలో కడప రాయి. కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల మొదలు పొరుగున ఉన్న తాడిపత్రి వరకు క్వారీలు, పాలిష్ ఫ్యాక్టరీలు ఈ రాతి మీదే నడుస్తాయి. రాతి పక్కనే నల్లరేగడి, అందులో శనగ. ఒకే ఊరిలో, తరచు ఒకే ఇంటిలో, ఈ రెండు పనులూ సాగుతాయి. లాక్‌డౌన్ ఈ రెండింటినీ ఒకే తీరున తాకలేదు.

కాలక్రమాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు 2020 మార్చి 12న నెల్లూరులో బయటపడింది. మార్చి 15న స్థానిక సంస్థల ఎన్నికలు వాయిదా పడ్డాయి. మార్చి 22 జనతా కర్ఫ్యూ నాటి సాయంత్రమే రాష్ట్ర ప్రభుత్వం లాక్‌డౌన్ ప్రకటించింది. ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. మార్చి 24 రాత్రి ప్రధానమంత్రి చేసిన ప్రకటనతో దేశమంతటా 21 రోజుల నిర్బంధం మొదలైంది. దాని మొదటి రోజే ఉగాది. ఆ సంవత్సరం పేరు శార్వరి; ఆ మాటకు రాత్రి అని అర్థం. కాకతాళీయమే అయినా ఆ అర్థం నాడు చాలామంది నోట వినిపించింది. మార్చి నెలాఖరులో కర్నూలు జిల్లా మొదటి కేసు పొరుగున ఉన్న సంజామల మండలం నొస్సంలో నమోదైంది. నొస్సం 2016లో పూర్తయిన నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గంలోని స్టేషను. మహమ్మారి మహానగరాలకే పరిమితమన్న ఊరట ఈ ప్రాంతానికి వారం రోజులు కూడా మిగలలేదు. ఏప్రిల్ చివరికి రాష్ట్రంలోని అయిదు రెడ్‌జోన్ జిల్లాలలో కర్నూలు ఒకటైంది.

శనగ రైతుకు కాలం కొంత కలిసివచ్చింది. అది రబీ పంట. మార్చి చివరికి కోత దాదాపు ముగుస్తుంది. మార్చి 27 నాటి కేంద్ర ఉత్తర్వు వ్యవసాయ పనులను, పంట కొనుగోళ్ళను నిర్బంధం నుంచి మినహాయించింది. క్వింటాలుకు ₹4,875 మద్దతు ధర ఉంది. ధర అందక, బస్తా కదలక రైతు పడిన ఇబ్బందిని తక్కువ చేయలేం. కాని శనగ నిల్వ ఉంటుంది, గోదాములో ఉన్న బస్తా మీద అప్పు పుడుతుంది.

నాపరాయి కూడా చెడిపోదు. చెడేది కూలీ రోజు. క్వారీలో కూలి ఎక్కువగా రోజు లెక్కనో, తీసిన బండల లెక్కనో ముడుతుంది. తీయని రాయి భూమిలో భద్రంగానే ఉంటుంది, యజమానికి అది రేపటి సొత్తు. తీయని రాయికి కూలి మాత్రం ఏనాటికీ రాదు. ఏప్రిల్ 15 నాటి మార్గదర్శకాలు 20వ తేదీ నుంచి గనుల పనికి అనుమతి ఇచ్చిన మాట నిజమే. అయితే బండలు పరిచే ఇళ్ళ నిర్మాణం నగరాల్లో స్తంభించి ఉండగా, జిల్లా రెడ్‌జోన్‌లో ఉండగా, ఆ అనుమతి కాగితం మీది మాటగానే మిగిలే అవకాశం ఎక్కువ.

ఇక్కడే చట్టపు వర్గీకరణను నిశితంగా చూడాలి. మార్చి 24న కేంద్ర కార్మిక శాఖ, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు నిధి నుంచి నమోదైన కార్మికుల ఖాతాలకు సొమ్ము జమ చేయమని రాష్ట్రాలకు సూచించింది. ఆ నిధికి ఆధారమైన 1996 నాటి చట్టం, ఫ్యాక్టరీల చట్టం గాని గనుల చట్టం గాని వర్తించే పనులను తన నిర్వచనం నుంచి తప్పించింది. ఫలితంగా ఇంటిలో నాపబండ పరిచే మేస్త్రీ నిర్మాణ కార్మికుడు. ఆ బండను క్వారీలో తీసినవాడు కాడు. రాయి ఒకటే, చేతులు వేరు, వర్గాలు వేరు. గనుల రాయల్టీకి అనుబంధంగా వసూలయ్యే జిల్లా ఖనిజ నిధిని వైద్య పరీక్షలకు వాడుకోమని మార్చి 26 ప్యాకేజీ చెప్పింది. పోయిన కూలి ఊసు అందులో లేదు. ఏప్రిల్ నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం చిన్న పరిశ్రమలకు ఏప్రిల్, మే, జూన్ నెలల విద్యుత్ డిమాండ్ చార్జీలను రద్దు చేసింది. అది అవసరమైన చర్యే. కాని మీటరు ఉన్నది ఫ్యాక్టరీకి. మిషన్ దగ్గర నిలబడే మనిషికి మీటరు లేదు.

అతనికి అందినవి వేరే పేర్లతో అందాయి. రేషన్ కార్డుదారుగా మార్చి 29 నుంచి ఉచిత బియ్యం, కిలో కందిపప్పు; ఏప్రిల్ 4న పేద కుటుంబంగా ₹1,000; ఇంటి ఇల్లాలికి జన్‌ధన్ ఖాతా ఉంటే నెలకు ₹500 చొప్పున మూడు నెలలు. గ్రామ వాలంటీర్ల వ్యవస్థ ఏర్పడి అప్పటికి ఏడాది కూడా కాలేదు. యాభై ఇళ్ళకు ఒకరి చొప్పున ఉన్న ఆ యంత్రాంగం వల్ల సాయం గడప దాకా వచ్చిందనడంలో అతిశయోక్తి లేదు. ఆకలిని తీర్చిన రాజ్యం పని పోయిన సంగతిని మాత్రం నమోదు చేయలేదు.

ఈ నేల చరిత్రలో దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఉంది. 1876–78 కరవులో మద్రాసు రాజధానిలో అత్యంత దారుణంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871, 1881 జనగణనల మధ్య దాని జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. 1877లో రిచర్డ్ టెంపుల్ సహాయపు కూలిని రోజుకు పౌను ధాన్యం, అణా స్థాయికి కుదించాడు. పారిశుద్ధ్య కమిషనరు కార్నిష్ దానిని తీవ్రంగా వ్యతిరేకించాడు. పని అడిగినవారు ఇంటికి పది మైళ్ళ అవతలి శిబిరానికి వెళ్ళాలన్న ‘దూర పరీక్ష’ కూడా ఆనాటిదే. అప్పుడు అన్నం కావాలంటే కదలాలి. 2020లో కదలకుండా ఉండాలి. మరణాల పరిమాణంలో ఈ రెంటికీ పోలికే లేదు, పోల్చడం అనుచితం కూడా. పోల్చదగినది నమోదు పద్ధతి మాత్రమే. కరవు శిబిరంలో మనిషి పనివాడుగా లెక్కకెక్కాడు, అందుకే కూలి చాలదన్న వివాదం దస్త్రాలకెక్కింది. కొలిమిగుండ్ల క్వారీ కూలీ 2020లో లబ్ధిదారుగా మాత్రమే లెక్కకెక్కాడు. కనుక కూలి గురించిన వివాదమే దస్త్రాల్లో పుట్టలేదు.

వలస కూలీల విషయంలోనూ ప్రభుత్వ జ్ఞానం పరిమితమే. రోడ్డు మీద ఎవరూ లేరని మార్చి 31న సుప్రీంకోర్టుకు నివేదించిన కేంద్రం, దారిలో మరణించినవారి లెక్క తన దగ్గర లేదని సెప్టెంబరులో పార్లమెంటుకు తెలిపింది. అయినా మే 1 నుంచి నడిచిన శ్రామిక్ రైళ్ళ వల్ల ‘వలస కార్మికుడు’ ఒక గుర్తింపు పొందాడు. కల్వటాల దగ్గర అప్పటికి నిర్మాణంలో ఉండి, 2022 సెప్టెంబరులో ప్రారంభమైన రామ్‌కో సిమెంట్ కర్మాగారం వంటి చోట్ల పనిచేసే పరరాష్ట్ర కూలీకి ఆ గుర్తింపు వర్తిస్తుంది. అదే మండలపు క్వారీ కూలీకి ఆ పేరు కూడా దక్కదు.

అయితే ఆధారాలు పూర్తిగా లేవని అర్థం కాదు, అవి చెల్లాచెదురుగా ఉన్నాయి. రాయి రవాణాకు గనుల శాఖ ఇచ్చే పర్మిట్లు, పాలిష్ ఫ్యాక్టరీల నెలవారీ కరెంటు రీడింగులు పని ఎప్పుడు ఆగి ఎప్పుడు మొదలైందో తేదీలతో చెప్పగలవు. తాకట్టు చీటీలు అప్పు సంగతి చెబుతాయి. రేషన్ యంత్రాల నమోదును జాగ్రత్తగా చదవాలి. సంక్రమణ భయంతో వేలిముద్ర నిబంధనను సడలించినందువల్ల, కార్డుదారుడు ఆ రోజు ఊరిలో ఉన్నాడనడానికి అది సాక్ష్యం కాదు. అన్నిటికంటె విలువైనవి ఉపాధి హామీ మస్టర్లు. 2020 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో రోజు కూలి గరిష్ఠంగా ₹237. మే, జూన్ మస్టర్లలో కొత్తగా చేరిన పేర్లను అంతకుముందు రెండు వేసవుల పేర్లతో సరిచూస్తే, రాతి పని వదిలి మట్టి పనికి వచ్చినవారి జాడ దొరకవచ్చు. మస్టరు కందకమనో, చెరువు పూడికతీత అనో పనిని మాత్రమే చెబుతుంది. ఆ పేరు మార్చి 21 దాకా ఏ క్వారీలో ఉండేదో తెలియాలంటే యజమాని దగ్గరి హాజరు పుస్తకాన్నో, మేస్త్రీ జేబులోని చిన్న నోటుబుక్కునో వెతకాలి.