ముద్దాయి నిరూపించనక్కర్లేదు

నేరం మోపినవాడే రుజువు చేయాలి, కాదన్నవాడు కాదు. రోమన్ న్యాయవేత్త పౌలుస్ చెప్పిన ఈ మాట 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన 'డైజెస్ట్'లోకి ఎక్కింది. ఆ తర్వాత వందల ఏళ్లు యూరప్ కోర్టుల్లో చిత్రహింసలు పెట్టి నేరం ఒప్పించడమూ సాగింది. 1789 నాటి ఫ్రెంచి హక్కుల ప్రకటన, నేరం తేలేదాకా ప్రతి మనిషీ నిర్దోషే అంది. 1791లో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో లాయరు విలియం గారో అదే వాదించాడు. ఇంగ్లండులో ఈ సూత్రానికి తిరుగులేని బలం వచ్చింది మాత్రం 1935లో, ఓ పాలేరు కుర్రాడి వల్ల.

రెజినాల్డ్ వూల్మింగ్టన్‌కు 21 ఏళ్లు, భార్య వయొలెట్‌కు 17. పెళ్లయిన మూడు నెలలకే ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. 1934 డిసెంబరు 10న అతను యజమాని తుపాకీ దొంగిలించాడు. గొట్టాలు రంపంతో కోసి పొట్టి చేశాడు. కోటు కింద వైరుతో భుజానికి వేలాడదీసుకుని, సైకిలెక్కి అత్తారింటికి వెళ్లాడు. కాపురానికి రాకపోతే కాల్చుకు చస్తానని బెదిరించడానికి తుపాకీ చూపబోతే, అది పేలిందన్నాడు. వయొలెట్ చనిపోయింది.

టాంటన్‌లో మొదటి జ్యూరీ ఏ మాటా తేల్చలేకపోయింది. బ్రిస్టల్‌లో మళ్లీ విచారణ జరిగింది. ఆమె అతని చేతిలో చనిపోయిందని తేలితే చాలు, అది హత్యే అనుకోవాలనీ, ప్రమాదమైతే ఆ సంగతి ముద్దాయే ఒప్పించాలనీ జడ్జి స్విఫ్ట్ జ్యూరీకి చెప్పాడు. 69 నిమిషాల్లో దోషి అన్నారు. ఉరిశిక్ష పడింది, అప్పీలూ పోయింది. చివరికి హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో లార్డ్ చాన్సలర్ శాంకీ ఆ శిక్ష కొట్టేశాడు. నేరం రుజువు చేయాల్సిన భారం ప్రాసిక్యూషన్‌దేనన్న సూత్రాన్ని ఇంగ్లిష్ క్రిమినల్ న్యాయంలో అల్లుకున్న బంగారు పోగుతో పోల్చాడు. తుపాకీ పేలినప్పుడు ఏం జరిగిందో తెలిసింది ఇద్దరికే, వారిలో ఒకరు లేరు. అనుమానం మిగిలింది కాబట్టే కుర్రాడు బతికాడు.

కోర్టు థ్రిల్లర్లు ఇక్కడే దారి తప్పాయి. 1933లో మొదలైన పెర్రీ మేసన్ నవలల్లో లాయరు తన క్లయింటును కాపాడటంతో ఆగడు, అసలు హంతకుణ్నీ పట్టిస్తాడు. దాంతో, నేరస్థుడు దొరికితేనే ముద్దాయికి విముక్తి అన్న నమ్మకం పాఠకుల్లో స్థిరపడింది. తెలుగు సినిమా కోర్టు సీన్లకూ ఇదే అలవాటు. 1957 నాటి 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' చంపిందెవరో చివరిదాకా చెప్పదు. జ్యూరీలోని పన్నెండుమందికీ అనుమానం కలిగితే చాలంటుంది. శాంకీ తీర్పుకు ఇంత దగ్గరగా వచ్చిన సినిమాలు అరుదు.

భారత్‌లో 1872 సాక్ష్య చట్టం 101వ సెక్షన్ ఈ భారాన్ని ప్రాసిక్యూషన్‌పై పెట్టింది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో అది 104వ సెక్షన్. అయితే కొన్ని ప్రత్యేక చట్టాలు తక్కెడను తిప్పేశాయి. మనీ లాండరింగ్ చట్టంలో 24వ సెక్షన్, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సోలో 29వ సెక్షన్ ఆ భారాన్ని చాలావరకు ముద్దాయి మీదికే నెడతాయి. 2025లో వచ్చిన తెలుగు సినిమా 'కోర్ట్'లో బోనెక్కిన కుర్రాడి మీద ఉన్నది పోక్సో కేసే.