కుడిచేతి చరిత్ర

2008లో భీమవరంలో గాజులు వేయించుకుందామని కూర్చుంటే, గాజులామె ఎడమచేతికి 'రెండు ఆరు' సైజు చకచకా ఎక్కించేసింది. కుడిచెయ్యి దగ్గరకొచ్చేసరికి ఆగిపోయింది. 'రెండు పది' కూడా మెటికలు దాటలేదు. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "బోద చేతిక్కూడా వత్తాదాండీ అమ్మగారూ?" అంది. ఆ మాటలో వెటకారమేమీ లేదు. బోదకాలు చూడనివాళ్లు మా డెల్టాలో ఎవరున్నారు? ఎడమచేతి గాజులకు డబ్బులిచ్చి ఇంటికొచ్చాను. బోసిగా ఉన్న కుడిచెయ్యి చూసి మా అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వాచినందుకు కాదు, గాజులు లేనందుకు. అప్పుడు మా ఆయన పక్కగదిలో నిక్షేపంగా పేపరు చదువుకుంటున్నారు.

రొమ్ము కాన్సర్‌కి ఆపరేషన్ జరిగి అప్పటికి రెండేళ్లు. రొమ్ముతోపాటు చంకలోని లింఫు గ్రంథులు తీసేశారు, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. చేతిలో ఊరే నీరు ఆ గ్రంథుల మీదుగానే వెనక్కి వెళ్లాలి. మురుగుకాలవ పూడిపోతే పొలంలో నీళ్లు నిలబడిపోవడం మాకు తెలిసిందే. ఇదీ అంతే. కొందరికి నెలల్లో వస్తుంది, కొందరికి ఏళ్ల తర్వాత. వచ్చాక అదుపులో పెట్టుకోవచ్చుగానీ పూర్తిగా పోవడం అరుదు. జుట్టు ఊడుతుందని, వాంతులవుతాయని ముందే చెప్పిన డాక్టర్లు చెయ్యి సంగతి చెప్పలేదు. వాచాక అడిగితే "ప్రాణం దక్కింది కదమ్మా, ఇంకా చెయ్యి గురించి బాధెందుకు?" అన్నారు.

కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని కనుక, ఈ మాట మొదట ఎవరన్నారా అని వెతకడం మొదలుపెట్టాను.

వెతుకుతూ వెళితే విలియం హాల్‌స్టెడ్ దగ్గర తేలాను. అమెరికాలో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి సర్జన్. రొమ్మునూ, దాని కింది ఛాతీ కండరాలనూ, చంకలోని గ్రంథులనూ ఒకే ముద్దగా తీసేసే 'రాడికల్ మాస్టెక్టమీ'ని ప్రామాణికం చేసినవాడు. 50 మంది స్త్రీల వివరాలతో ఆయన 1894లో ప్రచురించిన వ్యాసం తర్వాత, దాదాపు ఎనభై ఏళ్లు ఆ పద్ధతికి తిరుగులేకపోయింది. ఆపరేషన్ చేసినచోట కాన్సర్ మళ్లీ వచ్చిందా లేదా అన్నదే ఆయన గెలుపుకు కొలమానం. చేతి సంగతి కూడా ఎత్తకపోలేదు. ప్రాణంతో పోలిస్తే అవిటితనం చాలా చిన్న విషయమన్నాడు. పైగా ఈ రోగులు పెద్దవాళ్లు, సగటు వయసు సుమారు 55, సమాజంలో వీళ్లకింక అంత చురుకైన పాత్రేమీ లేదు అన్నాడు.

ఇది చదివేనాటికి నాకు 54. రోజుకి నాలుగు క్లాసులు చెప్పి, నల్లబల్ల మీద రాసి, ఇంటికొచ్చి ఆ కుడిచేత్తోనే పప్పు రుబ్బి, అత్తగారికి స్నానం చేయించి, రాత్రి పేపర్లు దిద్దేదాన్ని. హాల్‌స్టెడ్ గారి దృష్టిలో సమాజమంటే ఏమిటో మరి.

ఇదే హాల్‌స్టెడ్ ఒకరి చేతుల గురించి మాత్రం చాలా పట్టించుకున్నాడు. ఆయన ఆపరేషన్ గదిలో పనిచేసిన నర్సు కరోలిన్ హాంప్టన్‌కి క్రిమిసంహారక ద్రావణం పడక చేతులు పొక్కిపోయేవి. ఆమె కోసం గుడ్‌ఇయర్ కంపెనీ చేత పల్చటి రబ్బరు తొడుగులు చేయించాడు. 1890లో ఆమెను పెళ్లి చేసుకున్నాడు కూడా. ఇవాళ లోకంలో సర్జన్లంతా వేసుకునే చేతితొడుగుల చరిత్ర అలా మొదలయింది. గిన్నెలు తోమేముందు కుడిచేతికి రబ్బరు గ్లవ్ ఎక్కించుకుంటున్నప్పుడల్లా ఆ దంపతులు గుర్తొస్తారు. తిట్టుకోవాలో దణ్ణం పెట్టుకోవాలో తేలదు.

వాపు మీద ఆయన విడిగా రాసింది 1921లో, చనిపోవడానికి ఏడాది ముందు. దానికి 'ఎలిఫెంటయాసిస్ చిరుర్జికా' అని పేరు పెట్టాడు. అంటే సర్జరీ వల్ల వచ్చే బోద! మా గాజులామె బాల్టిమోర్ సర్జన్ వాడిన మాటే వాడిందన్నమాట. కారణం మాత్రం తన కోతలో లేదనీ, ఇన్‌ఫెక్షన్‌లో ఉందనీ వాదించాడు. పూర్తిగా కొట్టిపారెయ్యలేం, చీము పడితే వాపు పెరిగే మాట నిజమే. 2011లో గులాబీ ముల్లు గీరుకుని, మూడోరోజుకల్లా చెయ్యంతా ఎర్రబడి చలిజ్వరంతో ఆసుపత్రిలో పడ్డాను. కానీ గ్రంథులన్నీ ఊడ్చేసిన చెయ్యి కనుకనే ఒక ముల్లుకు అంత జరిగింది.

బోద మాట వచ్చింది కనుక ఇంకో సంగతి. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ కంపెనీలో నడిపిన పరిశోధన నుంచే బోదకాలుకిచ్చే హెట్రజాన్ వచ్చింది, మెథోట్రెక్సేట్ కూడా వచ్చింది. నాకు ఎక్కించిన కీమో మందుల్లో ఆ రెండోది ఉంది. మొదటిది ఏటా మా వీధిలో పంచేవారు. ఆ మాత్ర నా చేతికి పనికిరాదని, ఇది దోమవల్ల వచ్చిన వాపు కాదని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

హాల్‌స్టెడ్ పద్ధతిని ప్రశ్నించినవాళ్లలో రోజ్ కుష్నర్ అనే జర్నలిస్టు నాకు ఇష్టం. అప్పట్లో ముక్కతీసి పరీక్షించడానికని మత్తిచ్చి, కాన్సరని తేలితే మెలకువ రాకముందే రొమ్ము తీసేసేవారు. 1974లో తన రొమ్ములో గడ్డ కనబడినప్పుడు ఆమె దానికి ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది పుస్తకం రాసింది. ఇంకోవైపు సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ 1971లో మొదలుపెట్టిన అధ్యయనంలో 1,600 మందికి పైగా స్త్రీలు పాల్గొన్నారు. అంత లోతుగా కోసినందువల్ల ఆయుష్షేమీ పెరగలేదని 1985కల్లా తేలిపోయింది. 1990లలో చంకలో ఒకటి రెండు గ్రంథులే తీసి చూసే 'సెంటినెల్' పరీక్ష వచ్చింది. చంక గ్రంథులన్నీ తీసినవాళ్లలో అయిదుగురిలో ఒకరికి చెయ్యి వాస్తే, సెంటినెల్ పరీక్షతో సరిపెట్టినవాళ్లలో ఆ సంఖ్య సుమారు ఇరవైమందిలో ఒకరని 2013లో అనేక అధ్యయనాలను కలిపి చూసి లెక్క తేల్చారు. నా ఆపరేషన్ నాటికే ఈ పరీక్ష ఉంది. నాదాకా రాలేదు, అంతే.

ఇక జాగ్రత్తలు. బరువెత్తొద్దు, సూది వద్దు, వేడి తగలనివ్వొద్దు. చెకప్ కోసం వెళ్లినప్పుడు నా పక్కన బెంచీ మీద ఒక వ్యవసాయకూలీ ఉండేది. నాకంటే వాచిన చెయ్యి ఆమెది. "బరువెత్తొద్దంటన్నారండీ. ఎత్తకపోతే కూలికెవరు పిలుత్తారండీ?" అంది. నాట్లకి దిగితే బురద, కోతకి దిగితే కొడవలి. ఆ జాగ్రత్తల కాగితం ఎవరి జీవితాన్ని ఊహించి రాశారు? ఆమె దాన్ని మడిచి రొంటిన దోపుకుంది.

2009లో ఫిలడెల్ఫియా పరిశోధకులు, చెయ్యి వాచిన 141 మంది స్త్రీలతో చేసిన అధ్యయనం ఫలితాలు ప్రకటించారు. బిగుతు తొడుగు వేసుకుని, నేర్పించేవాళ్ల పర్యవేక్షణలో తక్కువ బరువుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుకుంటూ పోయినవాళ్లకు వాపు పెరగలేదు. వాళ్లలో వాపు తిరగబెట్టడం కూడా తగ్గింది. ఇన్నేళ్లూ "చేతిని కదపకు" అన్నవాళ్లు దాన్ని పరీక్షించనేలేదన్నమాట! ఆ కాగితం ప్రింటు తీయించి తర్వాతి చెకప్‌కి పట్టుకెళ్లాను. ఆ కూలీ కనబడలేదు. ఆ తర్వాతా కనబడలేదు. పేరైనా అడగలేదు నేను.

ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. పొద్దున లేవగానే చేతినుంచి చంకవైపు మెత్తగా నిమురుకోవడం, తొడుగు ఎక్కించుకోవడం. మే నెలలో ఆ తొడుగు నరకమే, అబద్ధం చెప్పను. దర్జీ ఇప్పటికీ ప్రతి జాకెట్టుకీ "కుడిచెయ్యి కొలత కరెక్టేనాండీ?" అని రెండుసార్లు అడుగుతాడు. కేజీ డంబెల్‌తో మొదలుపెట్టి మూడు కేజీల దాకా వచ్చాను.

ఆదివారాలు టేపుతో మూడుచోట్ల కొలుచుకుంటాను. ఒక్కచేత్తో టేపు పట్టుకోవడం కుదరదు కనుక మనవరాలు పట్టుకుని, నోటుబుక్కులో తేదీ వేసి రాస్తుంది. పోయినవారం మోచేతి పైన 32 సెంటీమీటర్లు. "ఎడమచెయ్యి కూడా కొలుద్దామా అమ్మమ్మా?" అంది. దానికి విడిగా ఒక గడి గీసింది.