ప్యాకేజీల జాబితా, ప్యాకేజీల బరువు

ఒక ప్రోగ్రాము నడవడానికి ఏయే అనుబంధ ప్రోగ్రాములు కావాలో తానే లెక్కగట్టి, అన్నిటినీ ఒక భాండారం నుంచి తెచ్చి కంప్యూటరులో అమర్చే ఉపకరణాన్ని ప్యాకేజీ మేనేజర్ అంటారు. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ ప్రకటించిన డెబియన్ అనే లినక్సు పంపిణీకి డీపీకేజీ, 1995లో రెడ్ హ్యాట్‌కు ఆర్‌పీఎం ఇటువంటి ఉపకరణాలకు పునాదులు కాగా, 1999 నాటి డెబియన్ 2.1తో ఆప్ట్ వచ్చి అనుబంధాలను వెతికి తెచ్చే శ్రమను దాదాపుగా తొలగించింది.

డీపీకేజీ తాను అమర్చిన ప్రతి ప్యాకేజీ పేరును, వెర్షనును ఒక స్థితిపత్రంలో నమోదు చేస్తుంది కనుక, సాఫ్ట్‌వేరును కాక దాని జాబితాను దాచుకుంటే చాలునన్న ఆచారం డెబియన్ వాడుకరులలో త్వరగానే స్థిరపడింది. యంత్రం చెడితే, కొత్తదానిలో ఆ జాబితాను ఎక్కించి ఆప్ట్‌కు అప్పగిస్తే అది భాండారం నుంచి అన్నిటినీ తిరిగి తెచ్చేది. అయితే వాడుకరి కోరి తెచ్చుకున్నదేదో, దాని వెంట అనుబంధంగా వచ్చినదేదో పాత జాబితా చెప్పలేకపోయేది. ఆ తేడాను ఆప్ట్ విడిగా గుర్తుంచుకోవడం మొదలుపెట్టాకే జాబితా చిన్నదై, నమ్మదగినదైంది.

ఈ పద్ధతి వెనుక భాండారం ఎప్పుడూ చేతికందే దూరంలో ఉంటుందన్న ఊహ ఒకటి ఉంది. పల్నాడు వంటి ప్రాంతాలలో ఆ ఊహ నిలవడం కష్టమయ్యేది. 2004 నాటి భారత బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్నే బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించింది. ఆ వేగం ఒక్క క్షణమైనా తగ్గకుండా అందినా, 700 మెగాబైట్ల సీడీకి సరిపడే ప్యాకేజీలు దిగడానికి ఆరు గంటలు పట్టేది. నరసరావుపేటకైనా, మాచర్లకైనా, గురజాలకైనా లెక్క అదే, కరెంటు పోతే అదనం. అందువల్ల దిగిన డెబ్ (డెబియన్ ప్యాకేజీ) ఫైళ్లను ఆప్ట్ దాచే కాష్ నుంచి సీడీకి ఎక్కించే ఆప్ట్‌ఆన్‌సీడీ వంటి సాధనాలకు ఇటువంటి చోట్లనే అసలు విలువ ఉండేది. ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ 2007 జనవరిలో విడుదల చేసిన బాస్ లినక్సు కూడా డెబియన్ ఆధారితమే కనుక, ఈ పద్ధతులన్నీ దానికీ వర్తించేవి.

జాబితాకు మరో లోపమూ ఉంది: పాత వెర్షను భాండారంలోంచి తొలగిపోతే పేరు మాత్రం మిగులుతుంది. 2005 నుంచి వచ్చిన ప్యాకేజీలను కాపాడుతున్న డెబియన్ స్నాప్‌షాట్ ఆర్కైవు ఈ లోపాన్ని చాలావరకు తీర్చింది. ఇక వాడుకరి చేతితో మార్చిన అమరికలు ఉండే ఈటీసీ డైరెక్టరీని ఏ భాండారమూ తిరిగి ఇవ్వలేదు. జాబితాతోపాటు ఆ డైరెక్టరీ నకలు తీసిపెట్టని బ్యాకప్ సగం బ్యాకప్పే.