తొలి కాన్పు: అవసరమైన వేళకే వైద్య జోక్యం

సంగారెడ్డి: పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో ఉపాధి నిమిత్తం స్థిరపడిన కుటుంబాల్లో పుట్టింటికి దూరంగా తొలి కాన్పుకు సిద్ధమయ్యే మహిళలు ఎందరో ఉన్నారు. పెద్దల తోడు కొరవడిన వారికి కాన్పు సమయంలో జరిగే చికిత్సలపై ముందస్తు అవగాహన ఎంతో ముఖ్యం. తొలి కాన్పు జరిగిన తీరు తదుపరి కాన్పులపైనా ప్రభావం చూపుతుంది.

గణాంకాలు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం ప్రసవాలు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఇది గణనీయమైన ప్రగతి. అయితే మొత్తం ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం మాత్రమే. రాష్ట్రంలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది 44.5 శాతం కాగా, ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతంగా నమోదైంది. సిజేరియన్లు 10 శాతం దాటిన తరువాత జనాభా స్థాయిలో తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్లు ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది.

తల్లీబిడ్డలపై ప్రభావం

బిడ్డ గుండె చప్పుడు తగ్గినప్పుడు, మాయ అడ్డుపడినప్పుడు, కాన్పు ముందుకు సాగనప్పుడు శస్త్రచికిత్స ప్రాణదాయిని. అవసరం లేనిచోట మాత్రం తల్లికి రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. మరుసటి గర్భంలో మాయ పాత కోతపై అతుక్కునే ప్రమాదం ఉంది. నెలలు పూర్తిగా నిండకముందే ముహూర్తం చూసి ఆపరేషన్ చేయిస్తే శిశువుకు శ్వాస ఇబ్బందులు తలెత్తవచ్చు. నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ మోతాదు మించితే గర్భాశయం విరామం లేకుండా ముడుచుకొని బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది.

ఓర్పు అవసరం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల ప్రకారం తొలిచూలు స్త్రీకి గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న తరువాత పూర్తిగా తెరుచుకోవడానికి 12 గంటల వరకు పట్టవచ్చు. తల్లీబిడ్డలు క్షేమంగా ఉన్నంతవరకు కాన్పు నెమ్మదిగా సాగడమొక్కటే జోక్యానికి కారణం కారాదు. ప్రతి తొలి కాన్పుకు కోత పెట్టి కుట్లు వేయడం కూడా తగదు. బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి కత్తిరించాలి. సిజేరియన్ అయినా తొలి గంటలోనే ముర్రుపాలు పట్టించే ప్రయత్నం చేయాలి.

సహజ కాన్పులను ప్రోత్సహించేందుకు తెలంగాణలో 2017 నుంచి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభమైంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ సమయాన కుటుంబ సభ్యురాలిని తోడుగా అనుమతించేందుకు కేంద్ర ప్రభుత్వం 2016లో ఆమోదం తెలిపింది.

గర్భిణులు క్రమం తప్పక పరీక్షలు చేయించుకోవాలి. ఆపరేషన్ సూచించినప్పుడు కారణమేమిటో వైద్యులను అడిగి తెలుసుకోవాలి. రక్తస్రావం జరిగినా, బిడ్డ కదలికలు తగ్గినా జాప్యం చేయక 108 వాహనంలో ఆసుపత్రికి చేరుకోవాలి.