తీర్పు జడ్జీలది, ఫైలు సెక్రటరీది

నికరాగ్వా దేశంలో అవాస్ తింగ్ని అనే ఊరి ఆదివాసుల అడవిని సర్కారు కలప కంపెనీకి ఇచ్చేసింది. ఊరోళ్ల కేసు కోస్టారికాలో ఉండే అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు దాకా పోయి, 2001లో గెలిచింది. తీర్పిచ్చింది జడ్జీలే. కానీ కాగితాలు తీసుకోవడం, నోటీసులు పంపడం, ఫైలు కదిలించడం ఆ కోర్టు సెక్రటరీ పని.

ఆసియాకు అట్లాంటి కోర్టు లేదు. మనకుండేది 1993 చట్టంతో వచ్చిన మానవ హక్కుల కమిషన్లు. అవి సిఫారసు మాత్రమే చేస్తాయి. మన రాష్ట్ర కమిషన్ ఆఫీసు 2021లో కర్నూలుకొచ్చింది. దాంట్లోనూ పరిపాలన చూసేది సెక్రటరీనే. అయితే సంఘటన జరిగి ఏడాది దాటితే విచారించకూడదని చట్టంలోనే ఉంది.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తండాలో అన్యాయం జరిగితే ముందు తేదీ రాసిపెట్టండి. అర్జీ పంపి నంబరు తీసుకోండి. ఫైలు అక్కడే మొదలవుతుంది.