దిగిన తేదీ

2025 జూన్‌లో నా డ్రైవింగ్ లైసెన్సు గడువు తీరింది. పద్దెనిమిదేళ్ళు నిండగానే ఖమ్మంలో తీసుకున్న లైసెన్సు అది. అప్పటి చట్టం ప్రకారం 20 ఏళ్ళు చెల్లుతుంది. రెన్యువల్ కోసం మా వీధి చివరి ఇంటర్నెట్ సెంటరుకి వెళ్తే, అక్కడి కుర్రాడు కార్డు చూసి, "మేడం, ఇందులో గేరు బండి అని ఉంది. మీరు నడిపేది స్కూటీయే కదా?" అన్నాడు. నేను ఏదీ నడపడం లేదని చెప్పాను. "మరెందుకు మేడం?" అన్నాడు. దురుసుగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.

ఆ ప్రశ్న నాతోపాటే ఇంటికొచ్చింది. 20 ఏళ్ళ లైసెన్సులో నేను బండి నడిపింది గట్టిగా ఆరేడేళ్ళు. మొదలుపెట్టిన తేదీ కార్డు మీద ఉంది. మానేసిన తేదీ ఏది? పాత తేదీలు వెతకడం నా వృత్తి. పత్రికల సంచికలు, ముద్రణ సంవత్సరాలు, రచయిత్రుల జనన మరణాలు సరిచూసి సరిచూసి పిహెచ్.డి. పుచ్చుకున్నదాన్ని. నా సొంత జీవితంలో ఈ ఒక్క తేదీ దొరకలేదు. పెళ్ళి 2011 ఫిబ్రవరిలో. అయితే అది కాదు, ఆ తర్వాత కూడా పుట్టింటికి వెళ్ళినప్పుడు నాన్న బండి తీసిన గుర్తు. అది 2012 సంక్రాంతికో, మరుసటేడు వేసవికో. ఆ రోజు బండి దిగుతూ, ఇదే ఆఖరుసారి అని నాకు తెలీదు.

నన్నెవరూ వద్దనలేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. మా ఆయన మంచివాడు. అత్తగారు ఒక్కమాట అన్న మనిషి కాదు. హైదరాబాద్ వచ్చాం, కారు ఉంది, ట్రాఫిక్ ఉంది, కడుపులో బిడ్డ ఉంది, తర్వాత చంకలో బిడ్డ ఉంది, పైన థీసిస్ ఉంది. "ఎందుకు రిస్కు" అన్నారెవరో, ఆ అన్నది నేనే కావచ్చు. ఎవరైనా గట్టిగా వద్దని ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో, ఆ రోజైనా గుర్తుండేదేమో. నిషేధానికి తేదీ ఉంటుంది. సర్దుబాటుకి ఉండదు.

నాన్న బండి బుల్లెట్. వ్యవసాయ శాఖలో ఉద్యోగం, ఊళ్ళు తిరగాలి. నాకంటే ఒక ఏడాది పెద్దది ఆ బండి. పాత బుల్లెట్ స్టార్టు చెయ్యడం ఒక చదువు. హ్యాండిల్ మీదున్న చిన్న లివరు నొక్కిపట్టి, ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్ మెల్లగా తొయ్యాలి. అప్పుడు లివరు వదిలి ఒక్క కిక్. ముల్లు చూడకుండా తొందరపడితే కిక్ ఎదురుతన్ని పిక్క వాచేది. "బలం కాదమ్మా, ఒడుపు" అనేవారు నాన్న. మార్కెట్ యార్డులో, మిర్చి సీజను కాని రోజుల్లో, ఖాళీ షెడ్ల మధ్య నేర్పారు. ఆ బండికి గేరు కుడికాలి వైపు ఉండేది, బ్రేకు ఎడమవైపు. మొదటి గేరు పైకి లేపాలి, మిగతా మూడూ కిందికి నొక్కాలి. ఈ వివరం పాఠకులకి విసుగనిపించినా గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

కుర్రాడి ప్రశ్న తొలిచేస్తుంటే పుస్తకాల మీద పడ్డాను. మోటార్ సైకిల్ నడిపిన స్త్రీల గురించి దొరికినదల్లా చదివాను. అంతటా 'మొదటి మహిళ'లే. 1915లో ఎఫీ హాచ్‌కిస్ తన తల్లిని సైడ్‌కారులో కూర్చోబెట్టుకుని న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్ళింది. మరుసటేడే, 1916 జులైలో, అగస్టా, ఆడెలిన్ వాన్ బ్యూరెన్ అనే అక్కాచెల్లెళ్ళు చెరొక ఇండియన్ మోటార్ సైకిల్ మీద అదే అమెరికాని అడ్డంగా దాటారు. ఆ దేశంలో స్త్రీలందరికీ ఓటు హక్కును రాజ్యాంగం గుర్తించడానికి ఇంకా నాలుగేళ్ళుంది. దారిలో ప్యాంట్లు వేసుకున్నందుకు పోలీసులు పట్టుకున్నారు. వాళ్ళ ప్రయాణం సరదాకి కాదు. యుద్ధం వస్తే సైన్యంలో మోటార్ సైకిల్ మీద వార్తలు మోసే పని ఆడవాళ్ళూ చేయగలరని చూపించడానికి. యుద్ధం వచ్చింది. ఆడెలిన్ దరఖాస్తు పెట్టుకుంది. సైన్యం తిప్పికొట్టింది. అమెరికన్ మోటార్ సైకిలిస్టుల సంఘం ఈ అక్కాచెల్లెళ్ళని తన గౌరవ జాబితాలో చేర్చుకున్నది 2002లో. అంటే 86 ఏళ్ళకి. అప్పటికి ఇద్దరూ పోయి దశాబ్దాలైంది.

నన్ను ఇంకా ఎక్కువ పట్టుకున్నది థెరిసా వాలక్ కథ. 1934 డిసెంబరులో ఆమె, ఫ్లారెన్స్ బ్లెంకిరన్ లండన్‌లో బయల్దేరారు. 600 సీసీ పాంథర్ బండి, దానికో సైడ్‌కారు, వెనకో ట్రెయిలరు. సహారా ఎడారి మీదుగా 1935 జులై చివరికి కేప్‌టౌన్ చేరారు. రెండో ప్రపంచయుద్ధంలో వాలక్ బ్రిటిష్ సైన్యపు మహిళా విభాగంలో మోటార్ సైకిల్ మీద వార్తలు మోసింది. వాన్ బ్యూరెన్ చెల్లెలికి దొరకని పని ఈమెకి దొరికిందన్నమాట. కానీ ఆ ఆఫ్రికా ప్రయాణం మీద ఆమె రాసుకున్నది పుస్తకంగా వచ్చింది 2001లో, ఆమె పోయాక. ప్రయాణానికీ పుస్తకానికీ మధ్య 66 ఏళ్ళు. ఆ మధ్యలో ఎన్ని భాషల్లో ఎంతమందిని 'మొదటి మహిళ' అని రాసి ఉంటారో!

సాహిత్య చరిత్రలో మనకిది కొత్త కాదు. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో అచ్చయింది. 'దిద్దుబాటు' 1910. అయినా తొలి కథ ఏదన్న చర్చలో ఆమె పేరు పైకి రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో ఎందరో స్త్రీల చరిత్రలు సేకరించి రాసిన మనిషి తానే చరిత్రలోంచి జారిపోయింది. మనం ఆమెని 'మొదటి' స్థానంలో నిలబెట్టడానికి పోరాడాం, అది అవసరమైన పోరాటమే. కానీ మొదటి స్థానం మీద ఇంత మోజెందుకని ఇప్పుడు అనుమానం వస్తోంది. ప్రతి తరంలోనూ ఒక 'మొదటి మహిళ' పుడుతోందంటే, ముందు తరం ఆమెని ఎవరో మరిచిపోయారనే కదా. ఆ మరుపు ఎక్కడో దూరాన జరగదు. ఒకామె బండి మూలన పెడుతుంది, ఆమె కూతురికి ఆ సంగతే తెలీదు, మనవరాలు మొదటిదవుతుంది.

ఇక చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం పదో సెక్షన్ ద్విచక్ర వాహనాల్ని గేరు ఉన్నవి, లేనివి అని విడదీస్తుంది. అందులో ఆడా మగా లేదు. ఇంటర్నెట్ సెంటరు కుర్రాడు ఆ లేని గీతని గీసి చదివాడు. గీత గీసింది అతను కాదు, బజారు. 1984లో కైనెటిక్ హోండా వచ్చింది. గేర్లు లేవు, కిక్ కొట్టే పని లేదు, బటన్ నొక్కితే చాలు. ఆ సౌకర్యం నిజమైనదే, దాన్ని తీసిపారేయను. మా తరం లెక్చరర్లు సగంమంది అలాంటి బండ్ల మీదే కాలేజీలకు చేరారు. 2001లో వచ్చిన యాక్టివాని మొగవాళ్ళు కూడా నామోషీ లేకుండా నడుపుతున్నారు. నా అభ్యంతరమల్లా ప్రకటనలతోనే. మగపిల్లలకేనా ఈ సరదా అంతా అని 2006లో ఒక కంపెనీ తన గేరు లేని బండి గురించి ప్రియాంక చోప్రా చేత అడిగించింది. అడిగిన ప్రశ్న మంచిదే. చేతికిచ్చినది మాత్రం సరదాలో ఒక ప్రత్యేక భాగం.

దీనికి పక్కన పుదుక్కోటై పెట్టి చూడండి. 1990ల మొదట్లో తమిళనాడులోని ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ఆడవాళ్ళకి అక్షరాలతోపాటు సైకిలూ నేర్పింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్. ఇంచుమించు అవే రోజుల్లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా పాఠాలు సారా వ్యతిరేక ఉద్యమానికి దారితీశాయి. ఒకచోట చదువు సారా కొట్టు మీదికి నడిపిస్తే, ఇంకోచోట సైకిలెక్కించింది. పాత్రికేయుడు పి. సాయినాథ్ తన పుస్తకంలో పుదుక్కోటై గురించి రాశారు. అందులో ఒక సంగతి నేను మర్చిపోలేను. అక్కడి ఆడవాళ్ళలో కొందరు లేడీస్ సైకిల్ కంటే జెంట్స్ సైకిలే కోరుకున్నారట. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య కడ్డీ ఉంటుంది కదా, దాని మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని. ఎవరికి ఏ బండి సరిపోతుందో కంపెనీ కంటే, ప్రభుత్వం కంటే ఆ పల్లెటూరి ఆడవాళ్ళకే బాగా తెలుసు.

చట్టంలో ఆడవాళ్ళు అసలు లేరని కాదు. పేరు చెప్పకుండా ఒకచోట ఉన్నారు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చూడండి. మోటార్ సైకిల్‌కి వెనక కూర్చున్న మనిషి పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాలు పెట్టుకోను ఆధారం ఉండాలి, ఆ మనిషి బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రం కనీసం సగం కప్పి ఉండాలి. అదే మనందరికీ తెలిసిన శారీగార్డు. ఎంతోమంది ప్రాణాలు కాపాడిన నిబంధన, అక్కర్లేదనను. కానీ బండి ముందు సీటు మీద చట్టం ఊహించుకున్న మనిషికి చీర లేదు. చీర ఎప్పుడూ వెనకే ఉంది, ఎడమవైపుకి తిరిగి.

మా అమ్మ అలా 30 ఏళ్ళు కూర్చుంది. నాన్న 2016లో పోయారు. ఇల్లు, ఎకరం మామిడి తోట పంచేటప్పుడు నా వాటా గురించి అడిగారు. 1985 నుంచే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో సమానహక్కు ఉంది, మా పెద్దమనుషులకీ తెలుసు. బండి ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు. తమ్ముడు తాళంచెవి తీసుకున్నాడు. వాడికి కిక్ కొట్టడం సరిగా రాదు. నాకు వచ్చు. నేను కూడా అడగలేదు, ఆ సంగతి మూడు రోజుల తర్వాత బస్సులో తట్టింది.

లైసెన్సు రెన్యువల్ అయి వచ్చిన నెలకి ఒక పాత క్లాసిక్ 350 చూశాను, నా జీతంతో కొనుక్కుందామని. "సార్‌ని తీసుకురండి మేడం, ఓసారి నడిపి చూస్తారు" అన్నాడు మెకానిక్కు. తీసుకెళ్ళాను. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, "నాకు గేరు బండి రాదండీ" అన్నారు. మెకానిక్కు ముఖం చూడాల్సింది.

తెల్లవారుజామున మా కాలనీ వెనక లేఅవుట్లో మొదలుపెట్టాను. 2000 దశకంలోనే బుల్లెట్లకి గేరు ఎడమకాలి వైపుకి మారిపోయింది, బ్రేకు కుడివైపుకొచ్చింది. నాకది తెలుసు. తలకి తెలుసు. మొదటి గేరు జాగ్రత్తగా ఎడమకాలితో వేశాను, బండి సాగింది, పద్నాలుగేళ్ళ బరువేదో దిగినట్టయింది. ఆ సంతోషంలో రెండో గేరుకని కుడికాలు కిందికి నొక్కాను. బండి ఠక్కున ఆగి నా మీదికి ఒరిగింది. మోకాలు చెక్కుకుపోయింది. 190 కిలోల పైబడిన బండిని ముందు నిలబడి లాగితే కదల్లేదు. నాన్న చెప్పింది గుర్తొచ్చి సీటుకి వీపు ఆనించి, కాళ్ళ బలంతో వెనక్కి నెట్టుకుంటూ లేపాను. ఆ నెల్లో ఇంకో రెండుసార్లు అదే తప్పు చేశాను. మర్చిపోయానని అందరూ అనుకున్నారు. మర్చిపోలేదు. నా కాలు 2005లో నేర్చుకున్నదాన్ని ఉన్నదున్నట్టు దాచిపెట్టింది, మారింది బండి. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ రాయడం మొదలుపెట్టిన స్నేహితురాళ్ళు ఇద్దరు నాకున్నారు. పాత వాక్యమే వస్తోందని బాధపడుతుంటారు. వాళ్ళకి ఈ కుడికాలి కథ చెప్పాను.

నేను బండి మానేసిన కాలంలో లోకం ఊరుకోలేదు. 2018లో జై భారతి, పియా బహదూర్, శిల్పా బాలకృష్ణన్, శాంతి, ఈ నలుగురు హైదరాబాద్ నుంచి బయల్దేరి ఆరు దేశాల మీదుగా 17,000 కిలోమీటర్లు మోటార్ సైకిళ్ళ మీద తిరిగొచ్చారు. మరుసటేడే పియా బహదూర్ పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది. వాలక్‌లా 66 ఏళ్ళు ఆగలేదు. జై భారతి ఆ తర్వాత ఆడవాళ్ళకి ఆటోలు, బండ్లు నడపడం నేర్పే పని పెట్టుకున్నారు. అప్పట్లో నేను ఆ వార్త చదివి పేపరు మడిచి పక్కన పెట్టాను. ఇప్పుడైతే అందులో కొలతలు వెతుక్కుంటాను. ఆ నలుగురూ మధ్యలో ఎన్నేళ్ళు మానేశారు, మళ్ళీ ఎప్పుడు ఎక్కారు?

దసరాకి అమ్మ హైదరాబాద్ వచ్చింది. బండి చుట్టూ తిరిగి శారీగార్డు ఉందా లేదా చూసింది. ఉంది. కూరగాయల మార్కెట్టుకి తీసుకెళ్ళాను. అలవాటుగా ఎడమవైపుకి తిరిగి కూర్చుని నా భుజం మీద చెయ్యేసింది. మలుపులో బరువంతా ఒకవైపుకి లాగింది, నాన్న ఇన్నేళ్ళు దీన్నెలా కాచుకొచ్చారో అనుకున్నాను. వచ్చేటప్పుడు సంచి చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది.

"అమ్మాయ్, నువ్వు నడుపుతున్నప్పుడు కూడా నేను పక్కకే కూర్చోవాలా?"

అక్కర్లేదన్నాను. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎగదోపుకుంది. అరటిపళ్ళ బండివాడు అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె కాలెత్తబోతుంటే కుడివైపు చూశాను. అటు గార్డు లేదు, కాలే సైలెన్సరు ఉంది. కాలు దూరంగా పెట్టుకోమని చెప్పి క్లచ్ వదిలాను.