ఛాత్రోపాధ్యాయులకు బడిలో తోడెవరు? ఇంటర్న్‌షిప్‌లో మెంటార్ పాత్ర

బీఈడీ, డీఈఎల్‌ఈడీ చదివే ఛాత్రోపాధ్యాయులు కోర్సులో భాగంగా కొన్ని వారాలపాటు బడిలో ఉండి పాఠాలు చెప్పాలి. దీన్నే పాఠశాల ఇంటర్న్‌షిప్ అంటున్నారు. ఆ వారాల్లో వారికి పని నేర్పాల్సింది అదే బడిలోని అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు. నిబంధనల భాషలో వారే మెంటార్లు. ఇంటర్న్‌షిప్ ఎంతకాలం ఉండాలన్న దానిపై దేశంలో చాలా చర్చ జరిగింది. గడువు కూడా పెరిగింది. కానీ మెంటార్‌కు ఆ పనికి సమయం ఎక్కడిది, ఎలా చేయాలో వారికి ఎవరు నేర్పుతారు అన్న ప్రశ్నలు మాత్రం వెనకబడిపోయాయి. పెంచిన వారాలు శిక్షణగా మారతాయా, హాజరుపట్టీలో సంతకాలుగానే మిగులుతాయా అన్నది ఈ ప్రశ్నల మీదే ఆధారపడి ఉంది.

40 పాఠాల నుంచి 20 వారాలకు

బీఈడీ ఏడాది కోర్సుగా ఉన్న రోజుల్లో దీన్ని టీచింగ్ ప్రాక్టీస్ అనేవారు. రెండు మెథడ్లలో కలిపి సాధారణంగా 40 పాఠాలు చెప్పి, పాఠ్యపథకాల రికార్డులు సమర్పిస్తే లెక్క పూర్తయ్యేది. ఏ పాఠానికా పాఠమే. నిన్న చెప్పింది పిల్లలకు ఎంతవరకు ఎక్కిందో చూసుకుని రేపటి పాఠాన్ని మార్చుకునే వీలు తక్కువ. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, 2009లో తెచ్చిన ఉపాధ్యాయ విద్య జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ విడివిడి పాఠాల పద్ధతిని తప్పుపట్టింది. బడిలో ఎక్కువకాలం నిలకడగా గడిపే ఇంటర్న్‌షిప్ కావాలని చెప్పింది.

సుప్రీంకోర్టు ఏర్పాటు చేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. శిక్షణ సంస్థల్లో దాదాపు 90 శాతం ప్రభుత్వేతర రంగంలోనే ఉన్నాయని అది గుర్తించింది. కోర్సు కాలాన్ని పెంచాలని సూచించింది. ప్రతి శిక్షణ సంస్థకూ ప్రయోగశాలలా ఉపయోగపడే ఒక బడి అనుబంధంగా ఉండాలని కూడా సిఫారసు చేసింది.

ఆ తర్వాత వచ్చిన ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో 2015-16 నుంచి బీఈడీ రెండేళ్ల కోర్సయింది. క్షేత్ర అనుభవానికి మొత్తం 20 వారాలు కేటాయించారు. అందులో 16 వారాలు రెండో ఏడాది ఇంటర్న్‌షిప్‌కే. పాఠాలు మొదలుపెట్టే ముందు ఒక వారంపాటు రెగ్యులర్ ఉపాధ్యాయుల తరగతిని గమనించాలి. ఛాత్రోపాధ్యాయులు ఒకరి పాఠాన్ని మరొకరు, వారందరి పాఠాలను బడి ఉపాధ్యాయులు, కళాశాల అధ్యాపకులు పరిశీలించాలి. కాగితం మీద చూస్తే ఇది మంచి మార్పే.

గమనించడం ఎందుకు సరిపోదు

బడిలో ఎక్కువ రోజులుంటే పని దానంతటదే వస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో రాసిన పుస్తకం ఇందులోని చిక్కును చూపించింది. ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చేవారు అప్పటికే విద్యార్థులుగా వేల గంటలపాటు ఉపాధ్యాయులను చూసి ఉంటారు. అయితే వారు చూసింది బెంచీ మీద నుంచి. టీచర్ ఏం చేశారో చూశారు తప్ప, ఎందుకు చేశారో, ఆ ముందు రాత్రి ఏం ఆలోచించారో చూడలేదు. అందుకే మార్గదర్శనం లేకపోతే, కొత్త ఉపాధ్యాయులు తమకు ఎలా చెప్పారో అలాగే చెప్పేస్తారు. శిక్షణ కళాశాలలో చదివిన సిద్ధాంతం పరీక్ష కాగితంతోనే ఆగిపోతుంది.

పైకి కనిపించని ఆ ఆలోచనను ఛాత్రోపాధ్యాయుల ముందు పెట్టడమే మెంటార్ చేయాల్సిన పని.

మెంటార్ చేసే పని

దీనికి మూడు దశలుంటాయి: పాఠానికి ముందు మాట్లాడటం, పాఠాన్ని గమనించడం, తర్వాత కూర్చుని చర్చించడం.

అయిదో తరగతి భిన్నాల పాఠాన్నే ఉదాహరణగా తీసుకుందాం. 1/3 పెద్దదా, 1/4 పెద్దదా అని ఛాత్రోపాధ్యాయురాలు అడుగుతుంది. ఒక పాప లేచి 1/4 అంటుంది. టీచర్ "కాదు" అని చెప్పి, నల్లబల్ల మీద రెండు వృత్తాలు గీసి, ఒకదాన్ని మూడు భాగాలు, మరోదాన్ని నాలుగు భాగాలు చేసి చూపిస్తుంది. పిల్లలంతా కలిసి "1/3 పెద్దది" అని పలుకుతారు. పాఠ్యపథకం ప్రకారం అన్నీ జరిగాయి. పీరియడ్ కూడా సమయానికి ముగిసింది.

వెనక బెంచీలో కూర్చున్న మెంటార్ పుస్తకంలో మాత్రం రెండు విషయాలు రాసుకుని ఉంటారు. ఒకటి, 4 అంకె 3 కన్నా పెద్దది కాబట్టే పాప ఆ జవాబు చెప్పింది. ఆమె లెక్క తప్పినా, ఆమె ఆలోచనకు ఒక కారణం ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు. రెండోది, బల్ల మీది వృత్తాలు ఒకే కొలతలో లేవు. మొత్తం సమానంగా లేనప్పుడు భాగాలను పోల్చడం కుదరదు.

పాఠం అయ్యాక "బాగా చెప్పావు" అంటే ఛాత్రోపాధ్యాయురాలు నేర్చుకునేది ఏమీ ఉండదు. "వృత్తాలు తప్పుగా గీశావు" అంటే మనసు చిన్నబుచ్చుకుంటుంది. "ఆ పాప 1/4 అని ఎందుకు అనుకుని ఉంటుంది?" అని అడిగితే ఆలోచన మొదలవుతుంది. మర్నాడు ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలను పిల్లల చేతికిచ్చి, ఒకటి మూడు మడతలు, మరొకటి నాలుగు మడతలు వేయించాలన్న ఉపాయం ఆమెకే తట్టవచ్చు. మొదటిరోజు పాఠం నుంచే రెండోరోజు పాఠం పుట్టడం అంటే ఇదే. ఇంటర్న్‌షిప్ కాలాన్ని పెంచింది కూడా ఇందుకే.

బాధ్యతను అప్పగించడంలోనూ ఒక క్రమం ఉండాలి. మొదట తరగతిని గమనించడం, తర్వాత కొద్దిమంది పిల్లలతో పనిచేయడం, ఆపైన మెంటార్‌తో కలిసి ఒక పాఠం చెప్పడం, చివరికి ఒక యూనిట్ మొత్తం సొంతంగా చెప్పడం. ఈ మెట్లు లేకుండా మొదటి వారంలోనే 50 మంది పిల్లల ముందు నిలబెడితే, కొత్తవారి ధ్యాసంతా అల్లరిని అదుపు చేయడం మీదే ఉంటుంది. ఎవరికి ఏం అర్థమైందో చూసే తీరిక ఉండదు.

తప్పులు చెప్పుకొనే చోటు

మెంటార్‌కు మరో ఇబ్బంది కూడా ఉంది. తోడుగా ఉండాల్సిన వ్యక్తే మార్కులు కూడా వేస్తే, ఛాత్రోపాధ్యాయులు తమ సందేహాలను దాచుకుంటారు. పరిశీలన ఉన్న రోజు తమకు బాగా వచ్చిన పాఠాన్నే ఎంచుకుంటారు. మార్కులు పూర్తిగా కళాశాల చేతిలోనే ఉంటే, నెలల తరబడి తరగతిని చూసిన మెంటార్ మాటకు విలువ లేకుండా పోతుంది. ఒకటి రెండుసార్లు వచ్చి చూసిన అధ్యాపకుల అంచనాయే నిలుస్తుంది. రోజువారీ చర్చకు మార్కులు పెట్టకుండా, చివరి మూల్యాంకనంలో మాత్రం మెంటార్, అధ్యాపకులు కలిసి మాట్లాడుకోవడం ఈ చిక్కును కొంత తగ్గిస్తుంది.

తీగ ఎక్కడ తెగుతోంది

ఆచరణలో కనిపించే లోపాలు ఉపాధ్యాయులకు, శిక్షణార్థులకు కొత్తవేమీ కావు. మెంటార్‌గా పేరు రాసిన ఉపాధ్యాయులకు సొంత పీరియడ్లు తగ్గవు. దాంతో ఛాత్రోపాధ్యాయులు తరగతిలోకి రాగానే ఆ సమయాన్ని రికార్డులు, ఆన్‌లైన్ నమోదులు, ఇతర విధులకు వాడుకుంటారు. ఉపాధ్యాయ ఖాళీలున్న బడిలో ఛాత్రోపాధ్యాయులు ఖాళీ పీరియడ్లు నింపే మనుషులైపోతారు. దేశంలో లక్షకు పైగా బడులు ఒకే ఉపాధ్యాయుడితో నడుస్తున్నాయి. అలాంటి చోట వెనక బెంచీలో కూర్చుని పాఠం గమనించే మరో టీచరే ఉండరు.

కళాశాల ఒక పద్ధతిలో పాఠ్యపథకం రాయమంటుంది. బడిలో "ఇవన్నీ ఇక్కడ కుదరవు, సిలబస్ పూర్తి కావాలి" అంటారు. ఈ రెండింటి మధ్య నలిగిన ఛాత్రోపాధ్యాయులు రికార్డు ఒకలా రాసి, పాఠం మరోలా చెబుతారు. కొందరు బడికి వెళ్లకుండానే హాజరు వేయించుకుంటారన్న ఆరోపణలూ ఉన్నాయి. ఇవన్నీ వ్యక్తుల నిర్లక్ష్యంగానే చూస్తే సరిపోదు. మెంటార్ పనిని వేళ, శిక్షణ, గుర్తింపు ఉన్న బాధ్యతగా చూడకుండా, ఒక ఉచిత సేవగా వదిలేయడం వీటి వెనకున్న కారణం.

వేరే దారులు

ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లో నాలుగేళ్ల బీఎల్‌ఎడ్ కోర్సు మొదలుపెట్టింది. అందులో విద్యార్థులు మొదటి ఏళ్ల నుంచే పిల్లలతో, బడులతో పరిచయం పెంచుకుని, నాలుగో ఏట దీర్ఘకాలం ఒక బడిలో పనిచేస్తారు. అధ్యాపకులు క్రమం తప్పకుండా వెళ్లి వారితో చర్చించడం ఆ కోర్సులో ముఖ్యభాగం.

శ్రీలంకలో 1980లలో మొదలైన జాతీయ విద్యా కళాశాలల్లో మూడేళ్ల శిక్షణ ఉంటుంది. రెండేళ్లు కళాశాలలో ఉండి చదువుకుంటారు. మూడో ఏడాది బడిలో ఇంటర్న్‌షిప్. ఒకే బడిలో ఏడాది కాలం గడిపితే పరీక్షలు, ఫలితాలు, తల్లిదండ్రుల రాకపోకలు అన్నీ కొత్త ఉపాధ్యాయుల అనుభవంలోకి వస్తాయి. అయినా అక్కడ కూడా అసలు ప్రశ్న మారదు. ఆ ఏడాదంతా పక్కన ఎవరుంటారు?

ఇప్పుడు ఏం మారుతోంది

2030 నాటికి నాలుగేళ్ల సమీకృత బీఈడీయే ఉపాధ్యాయులకు కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ దిశలో 2023-24లో 57 సంస్థల్లో ఐటెప్ కోర్సును ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. మరోవైపు, నాలుగేళ్ల డిగ్రీ లేదా పీజీ చేసినవారికి ఏడాది బీఈడీని మళ్లీ తెచ్చే ముసాయిదాను ఎన్‌సీటీఈ 2025లో విడుదల చేసింది. జాతీయ మెంటారింగ్ మిషన్ పేరుతో మరో పథకం ఉన్నా, అది ప్రధానంగా ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులను ఉద్దేశించినది. ఛాత్రోపాధ్యాయుల అవసరాన్ని అది నేరుగా తీర్చదు.

కోర్సు ఏడాదైనా, రెండేళ్లయినా, నాలుగేళ్లయినా చేయాల్సిన పనులు మాత్రం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మెంటార్‌కు వారంలో కొన్ని పీరియడ్లు తగ్గించి ఆ సమయాన్ని టైంటేబుల్‌లోనే చూపడం, పాఠాన్ని ఎలా గమనించాలో, ఎలా చర్చించాలో ఏటా కొన్ని రోజుల శిక్షణ ఇవ్వడం, ఆ సేవను ఉపాధ్యాయుల సర్వీసు రికార్డులో నమోదు చేయడం, కళాశాల, బడి కలిసి ఒకే పాఠ్యపథకం నమూనాకు ఒప్పుకోవడం వీటిలో మొదటివి. జిల్లాల్లోని డైట్ కళాశాలలు ప్రభుత్వ బడులతో ఇప్పటికే కలిసి పనిచేస్తున్నాయి కాబట్టి ఈ పని అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవారు కొద్దికాలంలో డీఎస్సీ రాసి సొంత తరగతిలో అడుగుపెడతారు. అప్పుడు వెనక బెంచీలో ఎవరూ ఉండరు. 1/4 పెద్దదని ఒక పాప చెబితే, "ఎందుకమ్మా?" అని అడగాలన్న సంగతి అప్పటికే వారికి అలవాటై ఉండాలి.